ఏ కంపెనీ బండి అని కాదన్నా, ముందు మీ ప్లగ్గు యాడుందో చెప్పు

అనంతపురంలో ఎలక్ట్రిక్ స్కూటర్ తీసుకుని మూడు ఎండాకాలాలు దాటించినా. అందుకని ఈ మధ్య బంధువులు, ఆఫీసులో వాళ్లు, ఆఖరికి మా వీధిలో పాల ప్యాకెట్లు వేసే పిల్లోడు కూడా నన్నే పట్టుకుంటున్నారు, అన్నా ఏ కంపెనీది తీసుకోవాల అని. నేను ఎదురు ఒకటే అడుగుతా, మీ ఇంట్లో ప్లగ్గు యాడుంది? నవ్వుతారు. తమాషాకి అడిగింది కాదప్పా. పెట్రోల్ బండికి బంకు ఊళ్లో ఉంటుంది, దీనికి బంకు మన ఇంట్లోనే ఉంటుంది, ఆ బంకు ఎండలో ఉందా నీడలో ఉందా, కింద ఉందా మిద్దె పైన ఉందా, ఇంటి ఓనరు ఒప్పుకున్నాడా లేదా, దీన్ని బట్టే ఏ రకం బ్యాటరీ తీసుకోవాలో సగం తేలిపోతుంది. కంపెనీ పేరు, కలరు, స్క్రీన్ సైజు అన్నీ తర్వాత.

ఇంకో మాట కూడా ముందే చెప్పేస్తా. మన కర్నూలు, అనంతపురం, కడప వాళ్లకి బ్యాటరీని తినేసేది ఎక్కువ తిరగడం కాదు, వేడి. అది కూడా ఒట్టి వేడి కాదు, ఫుల్ ఛార్జ్ మీద కూర్చున్నప్పుడు పడే వేడి. రెండూ కలిస్తే గోవిందా. లోపల నడిచేది కెమిస్ట్రీ కదా, పది డిగ్రీలు వేడి పెరిగితే ఆ చెడిపోయే పని దాదాపు రెండింతలు స్పీడు అవుతుందని ఒక మోటు లెక్క ఉంది. రోహిణి కార్తెలో రోళ్లు పగిలే ఊర్లో ఉండి, బెంగుళూరు వాడు ఏసీ రూములో కూర్చుని చెప్పే సలహాని అట్లనే దించుకుంటే ఎట్లా. కింద చెప్పే పోలికలన్నీ ఈ వేడి లెక్క మీదే చూసినా.

ఫిక్స్‌డ్ బ్యాటరీనా, ఊడదీసుకునేదా

సొంతిల్లు, గేటు లోపల బండి పెట్టే చోటు, ఆ చోటు మీద స్లాబు నీడ, అక్కడికే ఒక మంచి ప్లగ్గు, ఈ నాలుగూ ఉన్నోళ్లు ఆలోచించే పనే లేదు, ఫిక్స్‌డ్ బ్యాటరీ బండి తీసుకోండి. మోసే పని లేదు, కనెక్టర్ రోజూ పీకి పెట్టే పని లేదు, సీటు కింద డిక్కీ పూర్తిగా మనదే, పెద్ద బ్యాటరీ కూడా వీటిలోనే ఎక్కువగా దొరుకుతుంది. స్లాబు నీడ అని ఎందుకు ఒత్తి చెప్తున్నానంటే రేకుల షెడ్డు నీడ నీడ కాదు, మధ్యాహ్నం రెండుకి రేకు కింద నిలబడితే మీకే తెలుస్తుంది, ఎండకి రేకు తోడైతే అది పొయ్యి మీద మూత లాంటిది. రేకులు తప్ప వేరే దారి లేకుంటే రేకు కింద ఒక వరస బోద గడ్డో, పాత గోనె పట్టాలో కట్టించండి, చూసేదానికి బాగుండదు గాని తేడా తెలుస్తుంది.

నాది వేరే కథ. కమలానగర్‌లో మొదటి అంతస్తులో బాడుగ. కింద ఓనరు వాళ్లు, వాళ్ల ప్లగ్గు అడిగితే నెల నెలా కరెంటు బిల్లు పంచాయితీ, అందుకని ఊడదీసుకునే బ్యాటరీల బండి తీసుకున్నా. హీరో వాళ్ల విడా వీ1 లాంటి వాటిలో రెండు బ్యాటరీలు ఉంటాయి చూడండి, ఆ రకం. ఇట్లాంటి బ్యాటరీ ఒక్కొక్కటి పది పన్నెండు కిలోలు తూగుతుంది. ఇంటికి వేసే నీళ్ల క్యాను 20 కిలోలు కదా, చేతికి సగం క్యాను చొప్పున పట్టుకుని మెట్లెక్కడం అనుకోండి. మావి ఇరవై ఒక్క మెట్లు, మొదటి వారం ఉషారుగా ఎక్కినా, రెండో వారం నుంచి ఒకటి ఈరోజు ఒకటి రేపు అని వాయిదాలు. మా ఆవిడ ఒకసారి ఎత్తి చూసి కింద పెట్టేసి, ఇది నాతో కాదు, నువ్వు ఊరికి పోతే బండి అట్లనే ఉంటుంది అని తేల్చేసింది. కాబట్టి షోరూమ్‌లో టెస్ట్ రైడ్ కంటే ముందు, ఇంట్లో ఎవరెవరు బండి వాడతారో అందరి చేతా ఆ బ్యాటరీ ఒకసారి ఎత్తించండి. ఇది ఎవరూ చేయరు, చేస్తే సగం మంది మనసు మార్చుకుంటారు.

ఇంత చెప్పి కూడా పై అంతస్తు వాళ్లకి నేను ఇదే తీసుకోమంటా. ఎందుకంటే బండి రోడ్డు మీద ఎండలో మాడినా బ్యాటరీ మాత్రం ఇంట్లో చల్లగా ఉంటుంది. మా హాల్లో కిటికీ పక్కన కడప బండతో అర ఉంది, దాని మీద పెడతా, రాయి కాబట్టి కింద చల్లగా ఉంటుంది, ఒకవేళ వేడెక్కినా అంటుకునేది ఏమీ లేదు. మంచం మీద, పరుపు పక్కన, గ్యాస్ సిలిండర్ దగ్గర, ముఖ్యంగా బయటికి పోయే వాకిలి దగ్గర పెట్టొద్దు, ఏదైనా అయితే మనం బయట పడేది ఆ వాకిలి నుంచే. పల్లెల్లో ఇంకా మట్టి మిద్దెలు ఉన్నోళ్లు అదృష్టవంతులు, మా జేజి ఇంట్లో మే నెలలో కూడా లోపల దుప్పటి కప్పుకోవచ్చు, బ్యాటరీకి అంతకంటే మంచి గది ఎవడు కట్టిస్తాడు.

మూడో రకం స్వాపింగ్, అంటే బ్యాటరీ మనది కాదు, స్టేషన్‌లో ఖాళీది ఇచ్చి నిండింది తీసుకోవడం. 2024 నవంబర్‌లో హోండా చూపించిన యాక్టివా ఈ ఇట్లాంటిదే, ఒక్కోటి ఒకటిన్నర యూనిట్ల కరెంటు పట్టే రెండు బ్యాటరీలు, ఇంట్లో ఛార్జ్ పెట్టుకునే వీలు లేదు, స్వాప్ చేసుకోవాల్సిందే. బ్యాటరీ ముసలిదైతే ఆ బాధ మనకి ఉండదు, అది నిజం. కానీ మీ ఇంటికి రెండు మూడు కిలోమీటర్ల లోపల స్టేషన్ లేకుంటే ఆ బండి గురించి ఆలోచించడం కూడా దండగ.

అపార్ట్‌మెంట్ వాళ్లకి సెల్లార్ ఉంటే నీడ బాధ తీరిపోతుంది, బాధంతా అసోసియేషన్‌తోనే. కామన్ మీటర్ నుంచి ప్లగ్గు అడిగితే గొడవ, మీ సొంత మీటర్ నుంచి డక్ట్‌లో వైరు దించి మీ పార్కింగ్ దగ్గర లాక్ ఉండే ప్లగ్గు బాక్సు పెట్టిస్తే ఎవరూ నోరెత్తరు. ఖర్చు వైరు పొడుగుని బట్టి ఉంటుంది, అది ముందే కనుక్కుని బండి బడ్జెట్‌లో కలుపుకోండి.

లెడ్ యాసిడ్, లిథియం

25 కిలోమీటర్ల స్పీడు దాటని, 250 వాట్ల లోపు మోటార్ ఉండే చిన్న బండ్లకి రిజిస్ట్రేషన్ లేదు, లైసెన్సు లేదు. ముసలోళ్లు, టెన్త్ పిల్లోళ్లు ఉన్న ఇళ్లల్లో ఇవి బాగా పోతున్నాయి. వీటిలో చవకవి లెడ్ యాసిడ్ మీద నడుస్తాయి, కాళ్లు పెట్టుకునే చోట కింద 12 వోల్టులవి నాలుగో ఐదో వరసగా ఉంటాయి. బరువు, నిండేదానికి ఆరు నుంచి ఎనిమిది గంటలు, రోజూ వాడితే ఏడాదిన్నర రెండేళ్లకి మార్చాల్సి వస్తుంది. అయినా ఇంటి నుంచి అంగడికి రెండు కిలోమీటర్లు పోయి వచ్చేదానికి చాలు, మారిస్తే పెద్ద ఖర్చు కూడా కాదు.

తాడిపత్రిలో మా చిన్నాయన ఇదే వాడినాడు. బాగానే చూసుకున్నాడు, ఇంటికి రాగానే ప్లగ్గు పెట్టేది, ఎప్పుడూ ఫుల్లుగా ఉంచేది. లెడ్ యాసిడ్‌కి అదే కరెక్టు, ఖాళీగా వదిలేస్తే లోపల ప్లేట్ల మీద సల్ఫేట్ గట్టిపడి మళ్లా నిండదు. చిక్కు యాడొచ్చిందంటే, వాళ్ల అబ్బాయి లిథియం బండి తెచ్చి ఇచ్చినాడు, చిన్నాయన దానికీ అదే మర్యాద చేసినాడు. రోజుకి నాలుగు కిలోమీటర్లు తిరిగి, వచ్చి మళ్లా నూరు శాతం నింపి, రేకుల పంచలో ఎండకి పెట్టడం. ఏడాదిన్నరకి రేంజ్, అంటే ఒకసారి నింపితే పోయే దూరం, కనపడేంత తగ్గింది. నేను పోయి చెప్పినా, చిన్నాయనా దీన్ని అట్లా ఫుల్లుగా పెట్టొద్దు అని. "అరే, ఇన్వర్టర్ బ్యాటరీ పదేండ్ల నుంచి చూస్తాండ, నాకే చెప్తావా" అన్నాడు. మన ఇండ్లల్లో అందరిదీ ఇదే, ఇన్వర్టర్ బుద్ధి. ఇన్వర్టర్ ఎప్పుడూ నిండుగా ఉండాల, లిథియం ఎప్పుడూ నిండుగా ఉండకూడదు, రెండూ బ్యాటరీలే గాని జాతి వేరు. ఇంకో బుద్ధి పాత నోకియా ఫోన్ల నాటిది, పూర్తిగా జీరో చేసి పెట్టాల, మొదటిసారి ఎనిమిది గంటలు పెట్టాల అని. లిథియంకి అవేవీ లేవు, జీరో దాకా దించడం దానికి నష్టమే.

రోజూ పది కిలోమీటర్లు దాటి తిరిగేవాళ్లు లెడ్ యాసిడ్ వైపు చూడొద్దు, అంతే.

ఎన్ఎంసీనా ఎల్ఎఫ్‌పీనా

లిథియంలో మళ్లా రెండు కులాలు. ఎన్ఎంసీ అంటే నికెల్, మాంగనీస్, కోబాల్ట్. ఎల్ఎఫ్‌పీ అంటే ఐరన్ ఫాస్ఫేట్. పేరున్న స్పీడు బండ్లలో ఎక్కువగా నికెల్ రకాలే ఉంటాయి, ఎందుకంటే తక్కువ బరువులో ఎక్కువ కరెంటు పడుతుంది. ఎల్ఎఫ్‌పీ అదే రేంజ్‌కి కొంచెం లావు, కొంచెం బరువు, కానీ వేడికి ఓర్చుకుంటుంది, అంటుకునే గుణం తక్కువ, ఛార్జ్ సైకిళ్లు, అంటే నింపి ఖాళీ చేసే సార్లు, కూడా ఎక్కువ వస్తాయి. మన ఎండలకి కాగితం మీద ఎల్ఎఫ్‌పీనే గెలుస్తుంది, నేను కూడా మొదట్లో అదే అందరికీ చెప్పేవాణ్ని.

ఇప్పుడు కొంచెం మార్చుకున్నా. బ్యాటరీ లోపలి సెల్ మంచిదైనా దాన్ని కాపాడే బీఎంఎస్ అనే ఎలక్ట్రానిక్ బోర్డు, ఆ సెల్స్‌ని ప్యాక్‌గా కట్టిన తీరు, దగ్గర్లో సర్వీస్, ఈ మూడూ లేకుంటే ఎల్ఎఫ్‌పీ అనే మూడక్షరాలకి అర్థం లేదు. ఎవరో ఊరూ పేరూ లేని ప్యాక్‌లో ఎల్ఎఫ్‌పీ కంటే, కర్నూల్లోనో కడపలోనో సర్వీస్ సెంటర్ ఉన్న కంపెనీ ఎన్ఎంసీ మేలు. 2022 ఎండాకాలంలో దేశంలో అక్కడక్కడా స్కూటర్లు అంటుకున్నాయి గుర్తుందా, ఆ తర్వాత కేంద్రం ఏఐఎస్ 156 అనే బ్యాటరీ సేఫ్టీ రూల్స్ గట్టి చేసింది, మొదటి విడత 2022 డిసెంబర్ 1 నుంచి, రెండో విడత 2023 మార్చి 31 నుంచి. సెకండ్ హ్యాండ్ కొనేవాళ్లు దీని కంటే ముందు తయారైన బండి అయితే ఇంకో నాలుగు ప్రశ్నలు ఎక్కువ అడగండి.

ఏ రకమో ఎట్లా తెలుస్తుంది అంటే బ్రోచర్‌లో ఉంటుంది, లేకుంటే షోరూమ్‌లో అడగండి, సేల్స్ పిల్లోడికి తెలియకపోతే సర్వీస్ మేనేజర్‌ని పిలిపించండి. లిథియం అయాన్ సార్ అని ఊరుకుంటే అది జవాబు కాదు, రెండూ లిథియం అయానే.

రోజూ ఎనభయ్యా, నూరా

దీనికి ముందు చిన్న లెక్క. బ్యాటరీ సైజు మూడు కిలోవాట్ అవర్ అంటే మన కరెంటు బిల్లు భాషలో మూడు యూనిట్లు. నా బండి ఊళ్లో కిలోమీటర్‌కి సుమారు 32 వాట్ అవర్ తింటుంది. ఇంటి నుంచి ఆఫీసు, మధ్యలో క్లాక్ టవర్ దగ్గర పని, పిల్లల ట్యూషన్, అన్నీ కలిపి 24 కిలోమీటర్లు. అంటే రోజుకి ముక్కాలు యూనిట్, బ్యాటరీలో నాలుగో వంతు. మరి రోజూ నూరు చేయాల్సిన అవసరం యాడుంది? నేను ఎనభై శాతానికి పెట్టి, ముప్పైకి వచ్చినప్పుడు మళ్లా ఎనభై. రెండు రోజులకి ఒకసారి.

ఎన్ఎంసీ బండి వాళ్లకి ఇదే మంచి పద్ధతి. నెలకి ఒకటి రెండు సార్లు నూరు చేయండి, ఎందుకంటే చాలా బీఎంఎస్‌లు లోపలి సెల్స్ అన్నిటినీ ఒక మట్టానికి తెచ్చే పని నిండే ముందు చేస్తాయి. ఊరికి పోయే ముందు రోజు కూడా నూరు చేయండి, చేసి పోండి, తప్పేం లేదు. నూరు చేసి వారం రోజులు ఎండలో నిలబెట్టడమే తప్పు. ఎల్ఎఫ్‌పీ వాళ్లకి కథ తిరగబడుతుంది, ఆ సెల్ వోల్టేజ్ ఇరవై దగ్గరా ఎనభై దగ్గరా దాదాపు ఒకటే ఉంటుంది, బండికి ఎంత మిగిలిందో సరిగ్గా తెలియదు, అందుకని వారానికి ఒకసారైనా నూరు చేయమంటారు. చేయకుంటే స్క్రీన్ మీద 25 చూపించి సప్తగిరి సర్కిల్‌లో ఠక్కున ఆగిపోయే రకం జోకులు జరుగుతాయి. మీ బండి మాన్యువల్‌లో కంపెనీ ఏది రాసిందో అదే ఫైనల్, నా మాట కాదు.

దీన్ని బట్టే రెండు యూనిట్ల మోడలా, మూడు యూనిట్ల మోడలా అనే ప్రశ్నకి కూడా జవాబు దొరుకుతుంది. రోజుకి 15 కిలోమీటర్ల లోపు అయితే చిన్నది చాలు, మిగిలిన డబ్బుతో మంచి ప్లగ్గు పాయింట్ వేయించుకోండి. 40 దాటితే పెద్దది తీసుకోండి, రేంజ్ కోసమే కాదు, పెద్ద బ్యాటరీని రోజూ నూరు చేయాల్సిన పని పడదు, జీరో దాకా దించే పని పడదు, మధ్యలోనే ఆడుతూ ఉంటుంది, అదే దాని ఆయుష్షు.

ఎప్పుడు పెట్టాల

ఎండన పడి వచ్చినోడు ముందు కాళ్లు ముఖం కడుక్కుని కాసేపు కూర్చుంటాడు, ఆ తర్వాతే సంగటి ముద్ద. బ్యాటరీకీ అంతే. సాయంత్రం ఆరుకి తారు రోడ్డు మీద నుంచి వచ్చిన బండికి వెంటనే ప్లగ్గు పెట్టొద్దు, అరగంట ముక్కాలు గంట వదిలేయండి. మామూలుగా లిథియం సెల్‌ని 45 డిగ్రీల పైన ఛార్జ్ చేయకూడదు, నడిపేటప్పుడు 60 దాకా ఓర్చుకుంటుంది, ఎక్కించేటప్పుడు మాత్రం ఓర్చుకోదు. మన దగ్గర బయట గాలే 42 ఉన్నప్పుడు లోపల సెల్ ఎంతుంటుందో మీరే అనుకోండి. నా మొదటి ఏప్రిల్‌లో మధ్యాహ్నం ఆఫీసు బయట పెడితే సగంలో ఆగిపోయేది, మళ్లా మొదలయ్యేది, మళ్లా ఆగేది. ఛార్జర్ పోయిందని సర్వీస్ సెంటర్‌కి పోయి గట్టిగా మాట్లాడినా కూడా. అక్కడ మెకానిక్ పిల్లోడు నన్ను మాట్లాడనిచ్చి, అన్నా రాత్రి పెట్టి చూడు, ఎక్కకుంటే నన్నడుగు అన్నాడు. రాత్రి బంగారంలా ఎక్కింది. వేడికి బీఎంఎస్ ఆపుతోంది, దాని పని అది చేస్తోంది. నాకే సిగ్గేసింది.

రాత్రి పడుకునే ముందా, తెల్లారుజామునా? ఎనభైకి ఆపే వీలు ఉంటే రాత్రి పదికి పెట్టండి. ఇంట్లో ఛార్జర్ 750 వాట్లు అనుకుంటే ముప్పై నుంచి ఎనభైకి ఒకటిన్నర యూనిట్, రెండు గంటల పైన పడుతుంది, పన్నెండున్నర లోపు అయిపోతుంది. నూరు చేయాల్సిన రోజు మాత్రం తెల్లారుజాము నాలుగుకి టైమర్ పెట్టండి, ఆ టైముకి మన ఊళ్లో అన్నిటికంటే చల్లగా ఉంటుంది, నిండగానే బండి తీసుకుని పోతారు, నిండుగా కూర్చునే టైమే ఉండదు. యాప్‌లో టైమర్ లేకుంటే స్మార్ట్ ప్లగ్ కొనచ్చు, కానీ 16 ఆంప్స్‌దే కొనండి. చివరి ఇరవై శాతం నెమ్మదిగా ఎక్కుతుంది, అది లిథియం స్వభావం, కంగారు పడొద్దు.

ఇంకో సంగతి, దుమ్ము పడకూడదని ఛార్జర్ మీద టవల్ కప్పే అలవాటు ఉంటే మానేయండి. అది వేడి బయటికి వదలాల.

ప్లగ్గు కథ

ఇది కొంచెం పొడుగ్గా చెప్తా, ఎందుకంటే దీంట్లోనే నేను ఇల్లు తగలబెట్టుకునేవాణ్ని. నా ఛార్జర్‌కి లావు పిన్ను, మా హాల్లో ఉన్నది సన్న పిన్ను సాకెట్. రెండు నిమిషాల్లో అంగడికి పోయి యాభై రూపాయల కన్వర్టర్ ఒకటి తెచ్చి తగిలించినా. లెక్క చూస్తే తప్పేం కనపడదు, 750 వాట్లని 230 వోల్ట్‌లతో భాగిస్తే మూడున్నర ఆంప్స్ కూడా కాదు. కానీ మిక్సీ రెండు నిమిషాలు తిరుగుతుంది, ఇది నాలుగైదు గంటలు ఆపకుండా లాగుతుంది, లోపల పిన్ను కొంచెం లూజుగా ఉంటే చాలు, ఆ సందులోనే వేడి పుడుతుంది. ఒక రాత్రి ఒంటిగంటకి మా ఆవిడ లేపింది, ఏదో ప్లాస్టిక్ వాసన వస్తోంది చూడు అని. పోయి పట్టుకుంటే కన్వర్టర్ చెయ్యి కాలేంత, పీకితే ఒక వైపు గోధుమ రంగుకి తిరిగి సాకెట్‌కి అతుక్కుని సాగింది, తీగ పాకం లాగా. ఆ ముక్క ఇంకా నా సొరుగులో ఉంది, ఎవరైనా కన్వర్టర్ చాలు కదన్నా అంటే తీసి చూపిస్తా.

మర్నాడు ఎలక్ట్రీషియన్ వచ్చి మెయిన్ బోర్డ్ నుంచి నేరుగా 2.5 స్క్వేర్ ఎంఎం కాపర్ వైరు లాగి, 16 ఆంప్స్ సాకెట్, దానికి విడిగా ఎంసీబీ (లోడ్ ఎక్కువైతే పడిపోయే స్విచ్చు), 30 మిల్లీ ఆంప్స్ ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే పడిపోయే స్విచ్చు) పెట్టినాడు. బండి కొనేటప్పుడు సీటు కవరు, గార్డులు అని డబ్బులు పోస్తాం, దీనికి పోయడానికి మాత్రం చెయ్యి రాదు మనకి. ఎక్స్‌టెన్షన్ బాక్సు పెట్టి పై నుంచి కిందికి వైరు వేలాడేసే పద్ధతి అసలు వద్దు, మరీ తప్పకపోతే లావు వైరుది తీసుకుని మొత్తం విప్పి పరచండి, చుట్ట చుట్టి పెడితే ఆ చుట్టే హీటర్ అయిపోతుంది.

అంతా అయినాక కూడా మే నెలలో ఛార్జర్ ఎర్ర లైటు వేసి మొరాయించింది, ఎర్త్ లేదు అని. మళ్లా ఎలక్ట్రీషియన్‌కి ఫోన్ చేస్తే ఆయన రాను కూడా రాలేదు, సార్ ఇంటెనక ఎర్తు గుంతలో రెండు బిందెలు నీళ్లు పొయ్యండి అన్నాడు. పోసినా, పొద్దున్నే పచ్చ లైటు. మన నేల ఎండిపోతే ఎర్తింగ్ పట్టదు, అనంతపురంలో వాన కోసం చెట్లే కాదు ఎర్తు గుంతలు కూడా ఎదురు చూస్తాయి. ఎండాకాలంలో పది పదహైదు రోజులకొకసారి పోస్తున్నా ఇప్పుడు.

కరెంటు పోయినప్పుడు ఇన్వర్టర్ లైన్ మీద పెట్టచ్చా అని అడుగుతారు. వద్దు. ఇంట్లో ఇన్వర్టర్ బ్యాటరీ 12 వోల్టులు, 150 ఏహెచ్ (ఆంపియర్ అవర్) అంటే రెండూ గుణిస్తే 1.8 యూనిట్లు, అది కూడా పూర్తిగా వాడకూడదు. మూడు యూనిట్ల బండి దాన్ని ఒక్క గుక్కలో తాగేస్తుంది, తర్వాత రాత్రంతా ఫ్యాన్ లేకుండా విసనకర్ర ఊపుకోవాల. చెప్పకుండా ఎలక్ట్రీషియన్‌లు ఆ సాకెట్ ఇన్వర్టర్ లైన్‌కే కలిపేస్తుంటారు, ఒకసారి మెయిన్ ఆపి చూసుకోండి.

ఇంట్లోనా, బయట ఫాస్ట్ ఛార్జర్‌లోనా

ఇంటి ఛార్జర్ మూడు యూనిట్ల బ్యాటరీని నాలుగు గంటల పైన తీసుకుని నింపుతుంది, అంటే చాలా నెమ్మది, అదే దానికి ఆరోగ్యం. ఫాస్ట్ ఛార్జర్ అదే పని గంటలోపు చేసేదానికి చూస్తుంది, వేడి పుడుతుంది. నెలకి నాలుగు సార్లు వాడితే ఏమీ కాదు, రోజూ అదే గతి అయితే, అది కూడా మిట్టమధ్యాహ్నం అయితే, మన ఊళ్లో నేను ఒప్పుకోను. బయట పెట్టినా ఎనభైకి తీసేయండి, చివరి ఇరవై కోసం నిలబడితే టైమూ దండగే, వెనక వాడు తిట్టుకుంటాడు కూడా.

ఇంట్లో అయితే ఖర్చు చూడండి, మూడు యూనిట్లు నింపేదానికి గోడ నుంచి మూడున్నర దాకా లాగుతుంది, యూనిట్ 6 రూపాయలు అనుకుంటే 21 రూపాయలు, ఊళ్లో ఎనభై తొంభై కిలోమీటర్లు. నెలకి నాకు 23 యూనిట్ల దాకా బిల్లులో కలుస్తున్నాయి, అంతకంటే ఏమీ లేదు.

బయట వాడేవాళ్లకి ఒక చిక్కు, బండికి తగిలించే ఛార్జింగ్ గన్ను అన్ని కంపెనీలదీ ఒకటి కాదు. ఏథర్ వాళ్ల కనెక్టర్‌ని 2023లో దేశంలో స్టాండర్డ్స్ పెట్టే బీఐఎస్ వాళ్లు స్టాండర్డ్‌గా ఒప్పుకున్నారు, విడా బండ్లు కూడా దాన్నే వాడతాయి, ఓలాది వేరే. అనంతపురం నుంచి ధర్మవరం, కడప నుంచి ప్రొద్దుటూరు, కర్నూలు నుంచి నంద్యాల ఇట్లా తిరిగేవాళ్లు మీ బండి కంపెనీ యాప్ తెరిచి ఆ దారిలో మీ పిన్నుకి సరిపోయే ఛార్జర్ ఉందా, పని చేస్తోందా, దానికింద జనాలు ఏం తిట్టుకున్నారు, ఇవి చూసి కొనండి. హైవే మీద అరవై డెబ్బై స్పీడులో ఎదురుగాలి తగిలితే ఊళ్లో వచ్చే రేంజ్‌లో ముక్కాలు వంతు కూడా రాకపోవచ్చు.

వాన, ఊరెళ్లడం, సెకండ్ హ్యాండ్

వాన మనకి తక్కువే గాని వస్తే ఒక్కసారే వచ్చి పడుతుంది, 2009 అక్టోబర్ వరదల్లో కర్నూలు ఏమైందో చూసినాం. బ్యాటరీకి రాసే ఐపీ67 అంటే మీటరు లోతు నీళ్లలో అరగంట తట్టుకోవాల అని టెస్ట్, రాత్రంతా వంక నీళ్లలో నానబెట్టమని కాదు. బండి మునిగితే ఆన్ చేయొద్దు, ఛార్జ్ అసలే పెట్టొద్దు, సర్వీస్ వాళ్లకి ఫోన్ చేయండి. వాటర్ సర్వీసింగ్‌లో ప్రెషర్ గన్ ఛార్జింగ్ పోర్ట్ వైపు కొట్టనీయొద్దు.

నెల రోజులు ఊరికి పోతుంటే ఫుల్ చేసి పోవద్దు, ఖాళీగా వదలొద్దు, యాభై అరవై దగ్గర పెట్టి నీడలో వదిలేయండి. కొన్ని బండ్లలో హారన్, లాక్ కోసం చిన్న 12 వోల్టుల బ్యాటరీ విడిగా ఉంటుంది, అది చస్తే పెద్దది నిండుగా ఉన్నా బండి కళ్లు తెరవదు, కాబట్టి ఎవరినైనా పదిరోజులకొకసారి ఆన్ చేసి పెట్టమనండి. వారంటీ కాగితం చదివేటప్పుడు ఏళ్లూ కిలోమీటర్లే కాదు, ఎంత శాతం కెపాసిటీ కిందికి పోతే మారుస్తారు, ఎన్ని రోజులు వాడకుండా వదిలేస్తే వారంటీ పోతుంది అన్నవి వెతకండి.

సెకండ్ హ్యాండ్ బండి చూసేటప్పుడు స్క్రీన్ మీద రేంజ్ నమ్మొద్దు. కరెంటు యూనిట్లు చూపించే చిన్న ప్లగ్గు మీటర్ దొరుకుతుంది, అది తీసుకుపోండి. మూడు యూనిట్ల బ్యాటరీని ఇరవై దగ్గర మొదలుపెట్టి నూరు దాకా పెడితే గోడ నుంచి 2.7 యూనిట్ల దగ్గర లాగాల, ఎందుకంటే ఎక్కేది 2.4, మిగిలింది ఛార్జర్ వేడికి పోతుంది. రెండు దగ్గరే నిండిపోయింది అంటే బ్యాటరీలో పావు వంతు ఆవిరైంది, బేరం ఆ లెక్కన ఆడండి. అమ్మేవాడు నాలుగు గంటలు మీటర్ పెట్టనీయను అంటే ఆ బండి వదిలేసి టీ తాగి రండి.

నా మీటర్ ఎవరైనా అడుగుతారేమో, ఇప్పుడు నా దగ్గర లేదు. చిన్నాయన తీసుకుపోయినాడు, బండికి అనుకున్నా, ఇన్వర్టర్‌కి తగిలించి చూస్తాన్నాడంట.